బ్యాటరీ నిండుగ ఉండగా బలము తగ్గుటేల?

అద్దంకి పేరు వినగానే మన శ్రోతలకు ముందుగ స్ఫురించునది శాసనము. క్రీ.శ. 848 నాటిదని చరిత్రకారులు నిర్ణయించిన పండరంగని శాసనమున తరువోజ పద్యము కలదు. నన్నయకు రెండు శతాబ్దులకు పూర్వమే తెలుగున ఛందోబద్ధమైన రచన ఉన్నదనుటకు అది సాక్ష్యము. పిదప ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుండి ఏలిన కాలమున ఎఱ్ఱన ఆయన ఆస్థానమున నుండి హరివంశమును రచించెను. మేమును ఆ శాసనమును గురించిన ప్రసంగమొకటి సిద్ధపరచుకొనుటకే గుండ్లకమ్మ ఒడ్డునకు వెళ్ళితిమి. తిరిగి వచ్చునపుడు మాత్రము మా వెంట వేరొక ప్రశ్న వచ్చినది. అది బ్యాటరీని గురించిన ప్రశ్న.

మేము బస చేసినది ఒక మిరప రైతు ఇంట. ఆ సాయంకాలము గాలివాన పట్టినది. ఎక్కడనో తీగ తెగి కరెంటు పోయినది. మరునాటివరకు రాదని లైనుమన్ను చెప్పి వెళ్ళినాడు. ఇంటిలో ఇన్వర్టరు ఉన్నది గనుక రెండు దీపములు, ఒక ఫ్యాను ఆగలేదు. వసారాలో ఇంజనీరింగు చదువుచున్న మనుమడు తన గేమింగ్ లాప్‌టాప్ ముందు కూర్చుండి కారు పందెపు ఆట ఆడుచున్నాడు. ఆ యేటి మిరపకాయ అమ్మిన సొమ్ములో పెద్ద భాగము ఆ యంత్రమునకే పోయినదట. కరెంటు పోయిన క్షణమున తెర ఆరిపోలేదు. కాని అంతవరకు నీటిమీద పడవవలె సాగిన కారు, గతుకుల బాటన పడిన ఎద్దుబండివలె ఆగి ఆగి నడువసాగినది.

“తాతా, చూశావా? కరెంటు పోతే చాలు, ఇంతే. పాత సరుకేదో మనకి అంటగట్టాడు. రేపు రసీదు తీసుకుని పోవాల” అన్నాడు అబ్బాయి.

“బ్యాటరీ నిండుగా ఉందంటివి గదరా? నిండుగా ఉంటే నీరసమేంది?” అని తాతగారు మనుమనిని అడిగి, సమాధానము రాకపోగా మావైపు తిరిగి, “అయ్యా, మీరు రేడియోవాళ్ళు గదా, మీకు తెలిసుండాల. మా నాయన కాలంలో పంచాయతీ రేడియో కూడా బ్యాటరీ మీదనే పలికేది. బ్యాటరీ దిగిపోయినప్పుడు గొంతు తగ్గేది, అది న్యాయం. ఇదేంది, నిండు కుండ పెట్టుకుని దాహమంటది?” అన్నారు.

ఆ ప్రశ్న మమ్ము ఆలోచింపజేసినది. ఏలయనగా తాతగారు ఆ మాటలో రెండు వేరు వేరు బలహీనతలను విడదీసి చూపినారు. నిలువ తరిగిపోయినందున కలుగు బలహీనత ఒకటి. నిలువ పూర్తిగ ఉండగనే, గోడనుండి తీగ ఊడిన మరుక్షణమున కలుగు బలహీనత మరియొకటి. మొదటిది బ్యాటరీ పుట్టినప్పటినుండి ఉన్నదే. రెండవదానికి మాత్రము ఒక చరిత్ర కలదు.

మా వృత్తికి చెందిన ఉదాహరణముతోనే మొదలుపెట్టుట మాకు సులభము. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆనాడు మన పల్లెలలో అత్యధిక భాగమునకు విద్యుత్తు లేదు. వాల్వులతో చేసిన బ్యాటరీ సెట్టుకు రెండు విధములైన విద్యుత్తు కావలసియుండెను. వాల్వులోని సన్నని తీగను వేడిచేయుటకు తక్కువ వోల్టేజి గల బ్యాటరీ ఒకటి, ధ్వనిని పెంచుటకు తొంబది వోల్టులో అంతకు మించియో గల పొడి బ్యాటరీ మరియొకటి. మొదటి పనికి వాడిన సీసపు బ్యాటరీని పట్టణమునకు సైకిలుమీద మోసికొనిపోయి ఛార్జి చేయించి తెచ్చుకొనవలసి వచ్చెడిది. ఇంత కష్టపడి తెచ్చుకొన్న శక్తిని పొదుపుగ వాడవలెనని సెట్టును చేసినవారే నిర్ణయించినారు. విద్యుత్తు ఉన్న ఇంటిలోని సెట్టు మూడు, నాలుగు వాట్ల ధ్వని నీయగా, చిన్న బ్యాటరీ వాల్వులు పావు వాటుతో సరిపెట్టినవి. అనగా బ్యాటరీ సెట్టు కొత్తదైనను, బ్యాటరీ నిండుగ ఉన్నను, దాని గొంతు మొదటినుండియు చిన్నదే. తాతగారి నాయనగారికి ఈ సంగతి తెలియకపోవుటకు కారణమున్నది: పోల్చిచూచుటకు ఆ ఊరిలో విద్యుత్తుతో నడుచు సెట్టు లేదు గదా!

ఇక మేము బయటకు తీసికొనిపోవు ధ్వనిముద్రణ యంత్రముల సంగతి. బ్యాటరీ బలము తగ్గినచో టేపును నడుపు మోటారు మందగించును. అట్లు మందగించిన వేగమున ముద్రించినదానిని స్టూడియోలో సరియైన వేగమున వినిపించినచో, గంభీరమైన కంఠము కూడ చిన్నపిల్లవాని కీచుగొంతు అగును. పల్లెకు పోయి ఒక వృద్ధ గాయకుని పాట ముద్రించి తెచ్చి, తీరా విని తలపట్టుకొన్న కథలు మా పెద్దలు మాకు చెప్పినారు. స్విట్జర్లండులో కుదెల్‌స్కీ అను ఇంజనీరు 1951లో చేసిన నాగ్రా యంత్రమున ఈ బాధను తప్పించుటకు మోటారునకు బదులు గడియారమునకు వలె తిప్పి బిగించు స్ప్రింగును పెట్టినాడు. బ్యాటరీ వాల్వులకు మాత్రమే. 1950ల చివర వచ్చిన మూడవ నాగ్రాలో మోటారు తన వేగమును తానే కొలుచుకొని దిద్దుకొను ఏర్పాటు చేసినాడు. పండ్రెండు టార్చి సెల్లులతో నడచిన ఆ యంత్రమున సెల్లులు కొంత తరిగినను వేగము తరుగలేదు. మరీ తరిగినప్పుడు మాత్రమే పని చెడును. బ్యాటరీమీదను గోడమీదను ఒకే విధముగ పనిచేయవలెనను పట్టుదల ఆనాటిది.

ట్రాన్సిస్టరు ఆ పట్టుదలకు తోడ్పడినది. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టి, 1954లో చేతి రేడియోలోనికి ప్రవేశించిన ఈ చిన్న వస్తువునకు వేడిచేయవలసిన తీగ లేదు. శక్తి అవసరము ఎంతగ తగ్గెననగా, పొలము గట్టున కూర్చుండి నాలుగు సెల్లులతో వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమము వినుట మనవారికి సామాన్యమయ్యెను. యంత్రము ఆకలి తగ్గినచో బ్యాటరీ చిన్నదైనను చాలును. ఇది గుర్తుంచుకొనదగిన సంగతి, మరల దీనికే వత్తుము.

వెంట తీసికొనిపోదగిన కంప్యూటరు చరిత్ర ఇందుకు విరుద్ధముగ మొదలైనది. 1981లో వచ్చిన ఆస్బోర్న్ యంత్రమును చేతితో మోయవచ్చునన్నారు గాని, అది పది కిలోలకు పైబడిన పెట్టె. చేరినచోట గోడకు తగిలించినగాని సాధారణముగ నడువదు. మరుసటి యేడు బజారునకు వచ్చిన ఎప్సన్ వారి చిన్న యంత్రము బ్యాటరీమీద యాభై గంటలు నడచెడిది. అయితే దాని తెర నాలుగు పంక్తులే. 1989లో ఆపిల్ వారు చేసిన ఏడు కిలోల మాకింటోష్ పోర్టబుల్‌లో ఉన్నది సీసపు బ్యాటరీయే, మన పంచాయతీ రేడియోకు సైకిలుమీద వెళ్ళివచ్చిన జాతిదే. దానికొక వింత గుణముండెను: బ్యాటరీ పూర్తిగ చచ్చినచో గోడకు తగిలించినను యంత్రము లేవదు. 1991లో సోనీ వారు లిథియం అయాన్ బ్యాటరీని విక్రయమునకు తెచ్చుటతో సీసపు బరువు తప్పినది. ఆ బ్యాటరీకి మూలమైన పరిశోధనలు చేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురకు 2019లో నోబెల్ బహుమానము లభించెను.

తాతగారి రెండవ బలహీనత స్పష్టముగ, ప్రకటితముగ కంప్యూటరులోనికి ప్రవేశించిన కాలము 2000 జనవరి. ఇంటెల్ కంపెనీవారు లాప్‌టాప్‌ల కొరకు విడుదల చేసిన పెంటియం మూడు ప్రాసెసరులో స్పీడ్‌స్టెప్ అను ఏర్పాటు పెట్టినారు. గోడనుండి విద్యుత్తు వచ్చుచున్నంతసేపు దాని వేగము 650 మెగాహెర్ట్జులు. తీగ ఊడదీసినచో 500. వోల్టేజి 1.6 నుండి 1.35కు దిగును. ఇది లోపముగ గాక కొత్త సౌకర్యముగనే ప్రకటింపబడినది, అందుకు కారణమును లేకపోలేదు. ఇటువంటి చిప్పు వాడు శక్తి దాని వేగమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు పెరుగును. పై అంకెలను గుణించి చూచినచో, వేగము నాలుగవ వంతు కంటె కొంచెము తక్కువ తగ్గగా శక్తి వాడుక దాదాపు సగమునకు వచ్చును. వేగమున పావలా పోగొట్టుకొని, శక్తిలో అర్ధరూపాయి మిగుల్చుకొను బేరమిది. ఉత్తరములు వ్రాసికొనువానికి, లెక్కలు చూచుకొనువానికి ఇది మంచి బేరమే. ఆ కాలమున ఎవ్వరును ఫిర్యాదు చేయవలసినంత నష్టము కనబడలేదు.

నష్టము కనబడినది బొమ్మలు గీయు చిప్పు వచ్చిన తరువాత. కంప్యూటరు ఆటలో తెరమీద సెకనునకు అరువది, నూరు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ బొమ్మలు కొత్తగ గీయబడుచుండును. ఈ పని చేయు గ్రాఫిక్స్ చిప్పు ఆకలి ప్రాసెసరు ఆకలికంటె మిక్కిలి పెద్దది. మేము చూచిన యంత్రమునకు ఇచ్చిన అడాప్టరు 280 వాట్లది. బరువు చేతికి తెలియునంత ఇటుక. ఆట నడుచునపుడు గ్రాఫిక్స్ చిప్పు ఒక్కటే 140 వాట్లు, ప్రాసెసరు, తెర, ఫ్యానులు అన్నియు కలిపి రెండువందలకు పైన వాడుకొనును. లోపలి బ్యాటరీ నిలువ మాత్రము 90 వాట్ అవర్లు.

ఇచ్చట మేము తాతగారికి చెప్పినదే శ్రోతలకును చెప్పెదము. బ్యాటరీ నిలువ చెరువులోని నీరు. వాట్లు తూము గుండా పారు నీరు. చెరువు నిండుగ ఉండుట వేరు, తూము ఎంత ఎత్తుట వేరు. నిండు చెరువునకైనను తూము వెడల్పును మించి నీరు రాదు. తూము పగులగొట్టినచో కట్టకే ముప్పు. లిథియం సెల్లు లోపల కొంత నిరోధము కలదు. దాని గుండా ఎక్కువ ధార లాగినకొలది లోపల వేడి పుట్టును. ధార రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. వోల్టేజియు క్రుంగును. ఒక హద్దు దాటినచో రక్షణ కొరకు పెట్టిన వలయము సరఫరానే నిలిపివేయును. ఎక్కువ ధార నిచ్చు సెల్లులు లేకపోలేదు. గోడలకు రంధ్రములు వేయు చేతి డ్రిల్లు యంత్రములలో ఉన్నవి అవియే. కాని అటువంటి సెల్లులో అదే పరిమాణమునకు నిలువ తక్కువ. లాప్‌టాప్ చేసినవారు ఎక్కువసేపు నడువవలెనని నిలువవైపే మొగ్గినారు. ఒకవేళ సెల్లులు ఓర్చుకొన్నవనుకొన్నను, 90 వాట్ అవర్ల నిలువను రెండువందల ఇరువది వాట్ల వేగమున లాగినచో అరగంట తిరుగకుండనే చెరువు ఎండును. అందుచేత తీగ ఊడిన మరుక్షణమున యంత్రము తనంతట తానే తూము దించుకొనును. మొత్తము వాడుక సగమునకో, అంతకంటె తక్కువకో దిగును. గ్రాఫిక్స్ చిప్పు వాటా అందరికంటె ఎక్కువగ కోయబడును.

“అట్టైతే పెద్ద చెరువు తవ్వొచ్చు గదా?” అని తాతగారు అడిగినారు. సహజమైన ప్రశ్నయే. దానికి అడ్డు ఇంజనీర్లనుండి వచ్చినది కాదు, విమానములనుండి వచ్చినది. లిథియం బ్యాటరీ అంటుకొన్నచో ఆర్పుట కష్టము గనుక, ప్రయాణికులు విమానములో అనుమతి అడుగకుండ తీసికొనిపోదగిన బ్యాటరీకి 100 వాట్ అవర్లు హద్దుగ అంతర్జాతీయ నిబంధన ఏర్పడినది. అంతకు మించి 160 వరకు విమాన సంస్థవారి అనుమతి కావలెను. అందుచేతనే ప్రపంచమున ఎంత ఖరీదైన గేమింగ్ లాప్‌టాప్ తీసికొన్నను దాని బ్యాటరీ 99 దగ్గరనో, 99.9 దగ్గరనో ఆగిపోవుచున్నది. విమానము ముఖము చూడనివాని వసారాలోని యంత్రమునకు కూడ ఆ హద్దే వర్తించినది! దీనిని మేము తప్పుపట్టుట లేదు గాని, నవ్వు రాక మానలేదు.

కంపెనీలకు ఈ ఇరుకు తెలియనిది కాదు. 2010లో ఎన్‌విడియా వారు ఆప్టిమస్ అను పద్ధతి తెచ్చినారు: సామాన్యమైన పనులకు ప్రాసెసరులోని చిన్న గ్రాఫిక్స్ భాగమును వాడి, ఆట మొదలైనప్పుడే పెద్ద చిప్పును లేపుట. 2014లో వారే బ్యాటరీ బూస్ట్ అని మరియొకటి తెచ్చినారు. పేరులో బూస్ట్ ఉన్నది గాని, చేయునది సెకనునకు గీయు బొమ్మలను ముప్పదివంటి ఒక సంఖ్యకు కట్టివేయుట. ఇది మాకు మోసముగ తోచలేదు. నూరు బొమ్మలకు ఆశపడి ఒకసారి డెబ్బది, ఒకసారి పదునైదు గీయుచు కన్నులను బాధించుటకంటె, ముప్పది బొమ్మలు నిలకడగ గీయుట మేలు. మనుమని తెరమీద కారు గతుకులు పడినది ఆ నిలకడ లేకనే.

2020లో ఆపిల్ వారు తమ స్వంత చిప్పులతో చేసిన లాప్‌టాప్‌లు బ్యాటరీమీదను గోడమీదను దాదాపు ఒకే వేగమున నడచి చాలమందిని ఆశ్చర్యపరచినవి. దాని రహస్యము ట్రాన్సిస్టరు రేడియో రహస్యమే: ఆకలి తక్కువ. కొద్ది పదుల వాట్లతో పని గడచు యంత్రమునకు తూము దించవలసిన అవసరమే రాదు. అయితే పెద్ద ఆటలకు, పెద్ద చిత్రరచనలకు గేమింగ్ లాప్‌టాప్‌లు గోడమీద చూపు బలము వానికి లేదు. పైగా ఆటలలో పెక్కు వానిమీద నడువవు.

ఇంతవరకు చెప్పినదానిలో ఎవరి నేరమును కనబడదు. మా ఆక్షేపణ వేరొకచోట ఉన్నది. పెట్టెమీదను, ప్రకటనలోను అచ్చువేయు బలమంతయు గోడకు తగిలించి కొలిచిన బలమే. 2021లో బజారునకు వచ్చిన లాప్‌టాప్‌లలో ఒకే పేరుగల గ్రాఫిక్స్ చిప్పు ఒక యంత్రమున 80 వాట్లతోను, మరియొక యంత్రమున 150 వాట్లకు పైగను నడచుట చూచి కొనువారు గగ్గోలు పెట్టగా, ఆ వాట్ల సంఖ్యను తయారీదారులు వెల్లడింపవలెనని ఎన్‌విడియా వారు కోరినారు. మంచిదే. కాని ఆ సంఖ్యయు గోడ సంఖ్యయే. బ్యాటరీమీద ఆ చిప్పునకు ఎన్ని వాట్లు దక్కునన్న అంకె పెట్టెమీద సాధారణముగ ఉండదు. ఇరువదినాలుగు గంటలు కరెంటు ఉండు నగరమున ఈ లోటు చిన్నది. మన పల్లెలలో 2012 ప్రాంతమున పూటలకు పూటలు కోత ననుభవించినవారికి, ఈనాటికిని గాలివానకు తీగ తెగు ఊళ్ళవారికి ఆ అంకె చిన్నది కాదు. లాప్‌టాప్ అను మాటను నమ్మి, కరెంటు పోయినను పని ఆగదని తలచియే ఆ అబ్బాయి బల్లమీది కంప్యూటరును కాదని, అధిక ధర పెట్టి దీనిని కొన్నాడు. అతడు ఆటలకే కొనలేదు. భవనముల నమూనాలను మూడు కోణములనుండి చూపు చిత్రములు అతని చదువునకు కావలెను. పరీక్షకు ముందటి రాత్రి ఆ చిత్రము రెండింతలు, మూడింతలు ఆలస్యమైనచో నష్టము ఆటలో ఓడిపోవుటవంటిది కాదు.

దుకాణదారు పాత సరుకు అంటగట్టలేదని మేము అబ్బాయికి నచ్చజెప్పితిమి. యంత్రములోని అమరికలను తెరచి బ్యాటరీమీద ఎక్కువ వేగము కోరగా కొంత మెరుగు కనబడినది, పూర్తిగ మాత్రము కాదు. అంతట మాకు ఇన్వర్టరు స్ఫురించినది. దాని కింద ఉన్నది 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ. గుణించినచో 1800 వాట్ అవర్లు, లాప్‌టాప్ నిలువకు ఇరువది రెట్లు. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే కనిపెట్టిన ఆ సీసమే పంచాయతీ రేడియోను పలికించి, ఇప్పుడు వసారా మూలన నీళ్ళు పోయించుకొనుచు కూర్చున్నది. చాల ఇండ్లలో వలెనే ఆ ఇంట ఇన్వర్టరు తీగ దీపములకు, ఫ్యానుకు మాత్రమే ఇచ్చినారు, ప్లగ్గులకు ఈయలేదు. అబ్బాయి పొడుగు తీగనొకదానిని తెచ్చి ఇన్వర్టరు వెనుకనున్న సాకెట్టులో పెట్టి, అడాప్టరును దానికి తగిలించినాడు. లాప్‌టాప్‌కు అది గోడయో, సీసమో తెలియదు. 230 వోల్టులు వచ్చినవి, అంతే. తూము ఎత్తుకొన్నది. కారు మరల నీటిమీద పడవ అయినది.

తాతగారు చుట్ట వెలిగించుకొని తెరవైపు కొంతసేపు చూచినారు. మేము మనస్సులో లెక్క వేసికొంటిమి: రెండువందల ఇరువది వాట్ల చొప్పున లాగినచో, వృథా పోవునది పోగా, ఆ పెద్ద చెరువు కూడ అయిదారు గంటలకు మించదు. తెల్లవారుటకు ఇంకను పది గంటలున్నది.

లోపలినుండి మామ్మగారి గొంతు వినబడినది. “ఒరే, నువ్వు ఆడుకుంటే ఆడుకో గానీ, రాత్రంతా నా ఫ్యాను తిరుగుద్దా?”

అబ్బాయి లేచి ప్లగ్గు పీకినాడు.